పదకొండు చెవులు

మా యూనివర్సిటీ కళల విభాగంలోని మట్టి గదిలో రెండు బల్లలుండేవి. కిటికీ పక్కనున్న పొడవాటి బల్ల మట్టి పిసకడానికి, తలుపు పక్కనున్న చిన్న బల్ల ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో అచ్చులు పోసే పనికి. రెండింటి మధ్య ఆరడుగుల దూరం. పొడవాటి బల్ల పైన గోడకి ఒక అట్టముక్క కొట్టి ఉండేది. "ప్లాస్టర్ ఈ బల్ల మీదికి వస్తే, తెచ్చినవాళ్లు ఈ గదిలోకి రారు." రాసింది బట్టీ చూసే ఆయన. విద్యార్థులే కాదు, మేస్టార్లు కూడా ఆయన్ని బట్టీ బాబాయ్ అనే పిలిచేవారు. ఆ గదిలో ఆయన పనికి చేరి ఇరవై రెండేళ్లు. ఆ అట్టముక్క మాట ఉత్తిది కాదని అందరికీ తెలుసు. మా ముందు ఏడాది ఒకతను ప్లాస్టర్ చేతులతో వచ్చి మట్టిముద్ద పట్టుకున్నాడు. ఇప్పుడు అచ్చుల విభాగంలో సిరా పూస్తున్నాడు.

కారణం మొదటిరోజే చెప్పారు. ఆవగింజంత ప్లాస్టర్ మట్టిలో కలిసినా బట్టీలో కాలి సున్నమవుతుంది. బయటికొచ్చాక గాలిలోని తేమ తాగుతూ మెల్లగా ఉబ్బుతుంది. నాలుగు రోజులకో వారానికో తన మీదున్న మట్టిని తోసేస్తుంది. బొత్తామంత పెచ్చు ఊడిపడుతుంది. ఆ గుంట అడుగున ఒక తెల్ల చుక్క ఉంటుంది.

"బట్టీలో పగిలేదాన్ని నేనేమీ అనను. దాని పాపం అక్కడే పండింది," అన్నారు బాబాయ్. "ఇది అలా కాదు. చక్కగా కాలి, నవ్వుకుంటూ బయటికొచ్చి, నాలుగో రోజు నీ పరువు తీస్తుంది."

మొదటి ఏడాదంతా మమ్మల్ని నాలుగు గదుల్లో తిప్పారు. బొగ్గుతో బొమ్మ, లినో అనే మెత్తటి షీటు మీద చెక్కి, సిరా పూసి తీసే అచ్చు, తీగ పని, మట్టి పని. ఏడాది చివర ఒక్కొక్కరూ ఒకే వస్తువును నాలుగు విధాలా చేసి జ్యూరీ ముందు పెట్టాలి. రెండో ఏడాది ఎవరు ఏ గదిలో ఉండాలో దాన్ని బట్టి తేలుతుంది. మట్టి గదిలో ఆరుగురికే చోటు.

ఆ ఆరింటిలో ఒకటి నాకు కావాలి. మిగతా గదుల్లో నాకేమీ తోచేది కాదు. కాగితం మీద నా గీత మా ఊరి బడిలో నేర్చుకున్న గీతలాగే తిన్నగా, భయంగా ఉండేది. తీగ ఎటు వంచితే దానికి ఎదురు తిరిగేది. మట్టి దగ్గర మాత్రం చేతికి ఏం చేయాలో ముందే తెలిసినట్టుండేది. మట్టి పని నేర్పే మేడం ఒకసారి నా వెనక చాలాసేపు నిలబడి, "నిన్ను వేరే గదికి పంపితే తప్పు," అని వెళ్లిపోయారు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. రోజూ పడుకునే ముందు ఒకసారి గుర్తుచేసుకునేదాన్ని.

నేను ఎంచుకున్న వస్తువు ఇటుక. మా మామయ్య ఇటుకల బట్టీలో మేస్త్రీ. చిన్నప్పుడు ఆరుతున్న పచ్చి ఇటుకల వరసల మధ్య కూర్చుని పాఠాలు చదువుకునేదాన్ని.

హాస్టల్లో నా పక్క మంచం గంపక్కది. తరగతి ఒకటే అయినా నాకంటే రెండేళ్లు పెద్ద. బ్రష్షులు, సబ్బు, చెప్పులు, తినేవి అన్నీ ఒకే వెదురు గంపలో వేసుకుని తిరిగేది కాబట్టి ఆ పేరు. నేను గట్టిగా మాట్లాడనని నాకు నిమ్మళం అని పేరు పెట్టింది ఆమే. ఆమె వస్తువు చెవి. సెలవుల్లో ఇంటికెళ్లి ఇంటిల్లిపాదినీ వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరిదీ కుడిచెవి గీసుకొచ్చింది. నాయనమ్మ, అమ్మ, నాన్న, పెదనాన్న, పెద్దమ్మ, అత్త, ముగ్గురన్నలు, వదిన, తమ్ముడు.

"మా ఇంట్లో మొత్తం ఇరవై రెండు చెవులున్నాయే నిమ్మళం," అంది. "వినేది ఒక్కటీ లేదు."

ఆ ఆదివారం గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. కోడిగుడ్డు పెంకంత పలచగా, లోపల బోలుగా ఒక ఇటుక చేయాలని నా ఆలోచన. అందుకు ప్లాస్టర్ అచ్చు పోశాను. దాని అంచులు చెక్కి నునుపు చేయాలి. చిన్న బల్ల మీద పై తరగతి వాళ్ల అచ్చు ఒకటి ఆరుతోంది. బల్లంతా అదే. కదపడానికి వీల్లేదు. పొడవాటి బల్ల మీద పేపర్లు మూడు పొరలు పరిచి, పది నిమిషాలు చెక్కాను. పేపర్లు జాగ్రత్తగా మడిచి చెత్తలో వేశాను. బల్లని తడి స్పాంజితో రెండుసార్లు తుడిచాను. వేలితో రాసి చూశాను. ఏమీ అంటలేదు.

తర్వాత స్పాంజిని తీసుకెళ్లి పాత మట్టి తొట్టిలో పిండాను.

అందరం రోజూ చేసే పనే అది. బల్ల తుడిచిన మట్టినీళ్లు పారబోయకూడదు, తొట్టిలోనే పిండాలి. ఆ మట్టిని ఆరబెట్టి, పిసికి, మళ్లీ వాడతాం. ఆ రోజు నా చేయి ఆ పని అలవాటుగా చేసేసింది. నీళ్లు తెల్లగా జారడం చూశాను. రెండు గింజలు ఏం చేస్తాయిలే అనుకున్నాను. తొట్టి మీద మూత పెట్టి బయటికొచ్చాను.

బుధవారం గంపక్క ఆ తొట్టిలోని మట్టే తీసి ఆరబెట్టుకుంది.

"కొత్తది ఉంది కదా అక్కా," అన్నాను.

"కొత్త మట్టి కొత్తల్లుడే. ఏమన్నా బిగుసుకుని కూర్చుంటుంది. పాతదైతే పదిమంది చేతుల్లో నలిగి ఉంటుంది. మాట వింటుంది."

అప్పుడు చెప్పి ఉంటే తొట్టి పారబోసి కడిగితే సరిపోయేది. నాకు అట్టముక్క కనబడుతోంది. మేడం మాట కూడా గుర్తొచ్చింది. గంపక్క తీసిన ముద్దలోంచే పిడికెడు అడిగి తీసుకుని, అరచేయంత పలక ఒకటి చేశాను. చూద్దాం అనుకున్నాను. ఏం చూద్దామనో నాకే తెలియదు.

గంపక్క తొమ్మిది రోజులు చెవులు చేసింది. ఒక్కోటి రెండు పిడికిళ్లంత. మడతలన్నీ పుల్లతో తీసింది. వాళ్ల పెదనాన్న చెవిలో వెంట్రుకలు కూడా వదల్లేదు. నాయనమ్మ చెవి చేస్తున్నంతసేపూ దాంతో మాట్లాడుతూనే ఉంది. నేను పక్కనే అచ్చులో జావలాంటి మట్టి పోసి నా ఇటుక చేసుకుంటూ, ఆమె బొటనవేలు మట్టిని నొక్కినప్పుడల్లా ఆ వేలికి ఏమైనా గరుగ్గా తగిలిందేమోనని చూసేదాన్ని. తగల్లేదు.

నా పలక ముందు విడతలో కాలింది. దాన్ని హాస్టల్ గదిలో కిటికీ అంచున పెట్టాను. మూడు రోజులు ఏమీ కాలేదు. నాలుగోరోజు ఆదివారం. పొద్దున జడ వేసుకుంటుంటే కిటికీ దగ్గర చిటికె వేసినట్టు చప్పుడైంది. వెళ్లి చూశాను. పలక మధ్యలో బొత్తామంత గుంట. అడుగున తెల్ల చుక్క. పెచ్చు పక్కనే పడి ఉంది.

అప్పటికి చెవులు బట్టీలో ఉన్నాయి. శనివారమే కాల్చడం అయిపోయింది. చల్లారుతున్నాయి. సోమవారం పొద్దున తలుపు తీస్తారు. శుక్రవారం జ్యూరీ. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. సరిగ్గా నాలుగో రోజు.

మామయ్యకి ఫోన్ చేశాను.

"మామయ్యా, ఇటుకలో సున్నపురాయి పడితే ఏం చేస్తారు?"

"పడకుండా చూస్తాం."

"పడింది అనుకో."

"ఎవరు పడేశారు?"

"అనుకో అంటున్నానుగా."

"సరే, అనుకున్నాను. బట్టీ విప్పిన రోజే నీళ్లలో ముంచేయాలి. ఆలస్యం చేస్తే ఆ రాయి గాలిలోంచి చుక్క చుక్క తాగి ఒళ్లు పెంచుతుంది. ఒక్కసారే కడుపునిండా తాగించావనుకో, మెత్తబడి కూర్చుంటుంది. అన్నీ దక్కవు. చాలావరకు దక్కుతాయి. అమ్మాయ్, యూనివర్సిటీకి పోయి ఇటుకలా చేస్తున్నావు? ఆ ముక్క ముందే చెబితే నేనే ఇక్కడ పని ఇప్పించేవాణ్ణి కదా."

అత్తయ్య వెనక నుంచి ఏదో అంది. ఆయన నవ్వుతూ ఫోన్ పెట్టేశాడు.

బట్టీ తాళం బాబాయ్ నడుముకే ఉంటుంది. ఎవరికీ తెలియకుండా ముంచే దారి లేదు. ఆ ఆదివారం మిగిలిన రోజంతా నేను ఆలోచించింది అదొక్కటే. వేరే దారి ఉంటే ఆ దారినే పోయేదాన్ని.

సోమవారం తొమ్మిదింటికి బాబాయ్ బట్టీ తలుపు తెరిచారు. లోపలి నుంచి వెచ్చగా గాలి వచ్చింది. చెవులు మూడు అరల్లో, లేత ఇటుక రంగులో, ఒక్క పగులు లేకుండా ఉన్నాయి. గంపక్క గంప నేలమీద పెట్టి చేతులు జోడించింది.

"బాబాయ్, వీటిని ఇప్పుడే నీళ్లలో ముంచుదామా?" అన్నాను.

"ఏం, తలంటు పోయాలా?"

"మా తమ్ముడిదానికి పోయండి బాబాయ్," అంది గంపక్క. "ఆ చెవి పుట్టాక నీళ్లు చూడలేదు."

"తొట్టిలో ప్లాస్టర్ కలిసింది," అన్నాను.

బాబాయ్ చేతిలో ఉన్న చెవిని మళ్లీ అరలో పెట్టారు. "నీకెవరు చెప్పారు?"

"కలిపింది నేనే. పెద్ద బల్ల మీద అచ్చు చెక్కి, తుడిచిన స్పాంజి తొట్టిలో పిండాను."

"ఎప్పుడు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలూ నోట్లో బెల్లంగడ్డ పెట్టుకు కూర్చున్నావా?"

నేను జేబులోంచి పలక తీసి ఇచ్చాను. ఆయన గుంటలోని చుక్కని గోటితో గీకారు. పొడి రాలింది. ఆయన ముఖంలో కోపం ఉందో లేదో నాకు తెలియలేదు. పలక నాకు తిరిగి ఇచ్చేసి, "బకెట్లన్నీ పట్రా. కుళాయి పూర్తిగా తిప్పు," అన్నారు.

గంపక్క నా వైపు చూసింది. వంగి గంపలోంచి చెప్పులు, సబ్బు తీసి నేలమీద పోసి, గంప ఖాళీ చేసింది. చెవుల్ని అందులోనే పేర్చి కుళాయి దగ్గరికి మోసింది.

కాలిన మట్టి నీళ్లలో పడితే దాహంతో ఉన్న పశువు తాగినట్టు చప్పుడవుతుంది. పదకొండూ ఒక్కసారే తాగడం మొదలుపెట్టాయి. మడతల్లోంచి సన్నటి బుడగలు చాలాసేపు వచ్చాయి. ముగ్గురం చుట్టూ నిలబడి చూశాం.  బుడగలు ఆగాక బాబాయ్ వెళ్లి పాత మట్టి తొట్టిని దొర్లించుకుంటూ బయటికి తీసుకుపోయారు.

చెవులు రాత్రంతా నీళ్లలోనే ఉన్నాయి. హాస్టల్లో గంపక్క గోడవైపు తిరిగి పడుకుంది. మంగళవారం, బుధవారం కూడా నాతో మాట్లాడలేదు. నా సబ్బు అయిపోతే తన సబ్బు నా మంచం మీదికి విసిరింది. అంతే. గురువారం వాళ్ల అత్త చెవి తమ్మె కింద చిన్న పెచ్చు లేచింది. గంపక్క దాన్ని తీసి, గుంటని వేలితో తడిమి, అలాగే ఉంచేసింది. మిగతా పదీ బాగానే ఉన్నాయి.

జ్యూరీకి నలుగురొచ్చారు. ముందు నా వంతు. బొగ్గు ఇటుక, అచ్చు ఇటుక, తీగ ఇటుక, పెంకు ఇటుక. వాటితోపాటు ఆ పలక కూడా పెట్టాను. మేడం పెంకు ఇటుకని రెండు చేతుల్లోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూశారు. 

గంపక్క వంతు వచ్చినప్పుడు, బయటి నుంచి వచ్చిన కళ్లజోడు ఆయన చెవుల మీదికి వంగాడు. సరిగ్గా అప్పుడే టక్కుమంది. ఒక పెచ్చు ఎగిరి ఆయన కాగితం మీద పడింది. గదిలో అందరూ ఆగిపోయారు.

"ఏమిటిది?" అన్నాడాయన.

"అది మా తమ్ముడిదండీ," అంది గంపక్క. "వాడంతే. ఎవరి మాటా వినడు."

కళ్లజోడు ఆయన నవ్వాడు. మేడం కూడా నవ్వారు. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ బాబాయ్ మాత్రం నవ్వలేదు.

సోమవారం జాబితా అంటించారు. మట్టి గదిలో ఆరుగురు. గంపక్క పేరు మూడోది. నా పేరు అచ్చుల గదిలో ఉంది. ఆ జాబితాని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివాను. నా పనిముట్లు తెచ్చుకోవడానికి మట్టి గదికి వెళితే బాబాయ్ బట్టీ అరలు తుడుస్తున్నారు.

"మేడం నీ పేరు రాశారు," అన్నారు తలెత్తకుండానే. "కొట్టేయించింది నేను."

"తెలుసు బాబాయ్."

"ఆ అట్టముక్క మీద 'నిజం చెబితే తప్ప' అని నేను రాయలేదు."

"రాయలేదు."

ఆయన గుడ్డ పిండి ఆరేశారు. "ముంచాలని ఎవరు చెప్పారు?"

"మా మామయ్య. ఇటుకల మేస్త్రీ."

"ఇరవై రెండేళ్లుగా పగిలినవి ఏరి పారేస్తూనే ఉన్నాను. నాకీ సంగతి తెలియదు," అన్నారు. ఆ తర్వాత నా పనిముట్లు తానే ఏరి, చాకుకి అంటిన మట్టిని కడిగి ఇచ్చారు. బయటికొస్తూ చూశాను. బట్టీ పక్కన నీళ్లు నింపిన కొత్త తొట్టి ఒకటి ఉంది.

అచ్చుల గది నడవకి అవతలి వైపు. సిరా వాసన, నూనె వాసన. కిటికీలోంచి మట్టి గది కిటికీ కనబడుతుంది. మొదటిరోజు నేను ఖాళీ లినో ముక్క ముందు పెట్టుకుని కూర్చున్నాను. గంపక్క గంపతో వచ్చి నా బల్ల మీద ఒక చెవి పెట్టింది. జ్యూరీ ముందు పెచ్చు ఊడిన తమ్ముడి చెవి.

"నా దగ్గరుంటే దాన్ని చూసినప్పుడల్లా నిన్ను తిట్టాలనిపిస్తోంది," అంది. "నువ్వే ఉంచుకో. వాడు ఎటూ కదలడు, కూర్చోబెట్టి గీసుకో."

"నన్నిప్పుడు తిట్టవచ్చు కదా అక్కా."

"తిరిగి ఒక్క మాటైనా అంటే తిట్టొచ్చు. నిన్ను తిడితే గోడని తిట్టినట్టే." గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "భోజనానికి ఆలస్యంగా రాకు. నీ కోసం పళ్లెం పట్టుకుని నిలబడలేను."

ఆమె వెళ్లాక చెవిని వెలుతురు వైపు తిప్పి, లినో మీద పెన్సిల్‌తో గీశాను. గీత ఎప్పటిలాగే బడిపిల్ల గీతలా వచ్చింది. లినోలో నలుపు కావాలంటే ముట్టుకోకుండా వదిలేయాలి. తెలుపు కావాల్సిన చోట తవ్వాలి. ఉలి తీసుకుని అన్నిటికంటే ముందు గుంట అడుగునున్న ఆ తెల్ల చుక్క తవ్వాను.