ఎనిమిదో నెల పిల్ల

మౌనిక కూతురు ఆ రోజు పద్దెనిమిది గ్రాములు పెరిగిందని ముంబై కామాటిపురా పన్నెండో గల్లీలోని వరస గదుల ఆ చాల్ మొత్తానికీ తెలిసిపోయింది. తెలియక ఎక్కడికి పోతుంది? సర్కారీ దవాఖాన నుంచి మౌనిక మొగుడు అనిల్ ఫోన్ చేయడమే ఆలస్యం, అతని అమ్మ లక్ష్మవ్వ గదుల ముందున్న గ్యాలరీలోకి వచ్చి, రెండంతస్తులకూ వినపడేలా గ్రాముల లెక్క చెప్పేది. నల్లా వచ్చిందన్న కబురు కూడా ఆ చాల్‌లో అంత తొందరగా పాకదు.

లోపల రొట్టెలు కాలుస్తున్న పెద్దకోడలు వజ్రమ్మకు మాత్రం ఆ గ్రాములు వింటే ఒళ్లు మండేది. నెల రోజులుగా ఇదే వరస. చిన్నకోడలు మౌనిక ఏడో నెలలోనే కన్నది. పుట్టినప్పుడు పిల్ల పదకొండు వందల గ్రాములు. కిలో కందిపప్పు పొట్లం ఇంకొంచెం బరువుంటే ఎంతో, అంతే. అప్పటినుంచీ దవాఖానలో గాజుపెట్టెలో ఉంది. ఇంటిల్లిపాదీ ఆ పెట్టె చుట్టే తిరుగుతున్నారు. వజ్రమ్మకు జ్వరమొచ్చినా, కాలు విరిగినా అడిగే దిక్కు లేదు.

అసలు మంట అది కాదని ఆమెకూ తెలుసు. పదకొండేళ్ల కిందట ఆమె కూడా కన్నది. కాన్పుకని మహబూబ్‌నగర్ దగ్గరి పుట్టింటికి పోతే, ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడ్చింది కూడా, సన్నగా. కబురందుకుని ముంబై నుంచి దిగిన లక్ష్మవ్వ పిల్లను చూసి ఒకే మాట అంది. "ఏడో నెలల పుట్టింది బతుకుతది గని, ఎనిమిదో నెలది బతకది బిడ్డా. మనసు రాయి చేసుకో." అక్కడున్న ఆడవాళ్లంతా తలూపారు. పాతచీరలో చుట్టి, చాటలో పడుకోబెట్టి, అందరూ చుట్టూ కూర్చున్నారు. ఎవరూ పట్నం తీసుకుపోలేదు. తూకం కూడా వేయలేదు. మూడో రోజు పొద్దున పిల్ల పోయింది. ఆ తర్వాత వజ్రమ్మ కడుపు మళ్లీ పండలేదు.

ఆ మాటను వజ్రమ్మ పదకొండేళ్లు నమ్మింది. నమ్మబట్టే నిలబడగలిగింది. ఎవరి తప్పూ లేదు, నెలది తప్పు. కానీ ఇప్పుడు మౌనిక పిల్లకు రోజూ తూకం, మెషిన్లు, నర్సులు. తన పిల్లకు ఒక చాట. ఒక రోజు అనిల్ ఫోన్ చేసి పిల్ల ఇరవై గ్రాములు తగ్గిందని చెప్పినప్పుడు, ఆమె కడుపు చల్లబడింది. ఛీ అని తనను తానే తిట్టుకుంది కానీ, చల్లబడిన మాట మాత్రం నిజం.

ఇంతలో మౌనికకు జ్వరం పట్టుకుంది. జ్వరమున్నవాళ్లను పిల్లల వార్డులోకి రానివ్వరు. పిల్లనేమో రోజూ కొన్ని గంటలు ఎవరో ఒకరు ఒంటికి ఒళ్లు తగిలేలా ఎదమీద పెట్టుకోవాలి. ఆ వెచ్చదనం కూడా మందేనని డాక్టర్లు చెప్పారు. పొద్దున అనిల్ కూర్చుంటున్నాడు. మధ్యాహ్నం అతనికి డ్యూటీ. లక్ష్మవ్వకు దగ్గు.

"అక్కా, నువ్వు పోతవా?" అంది మౌనిక, దుప్పటిలోంచి.

నా దానికి ఎవరు పోయిండ్రు అని నోటి చివరిదాకా వచ్చింది. మింగేసి, "పోత తీ" అంది వజ్రమ్మ. ప్రేమతో ఒప్పుకుందనుకుంటే పొరపాటు. అందరినీ అంతగా తిప్పుకుంటున్న ఆ పెట్టెలో ఏముందో చూద్దామనే పోయింది.

వార్డులో చేతులు మోచేతుల దాకా కడిగించారు. నర్సు స్నేహల్ వర్లిలో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, మరాఠీ సగం తెలుగు సగం మాట్లాడుతుంది, పెద్దామె కనిపిస్తే పిన్నీ అనడానికి మావ్‌శీ అంటుంది. వజ్రమ్మను వాలుకుర్చీలో కూర్చోబెట్టి, రవిక గుండీలు విప్పమని చెప్పి, పిల్లను తెచ్చి ఎదమీద బోర్లా పెట్టింది. తలకు టోపీ, ముక్కులో సన్నని గొట్టం, కాలికి పక్కనున్న మెషిన్ వైరు. వీపు ఆమె అరచేతిలో సరిపోయింది.

"గట్టిగ పట్టుకో మావ్‌శీ, ఏం కాదు. ఇప్పుడు పద్నాలుగు వందల యాభై అయింది."

వజ్రమ్మ చేతికి ఇంకో బరువు గుర్తుంది. తన పిల్లది ఇంతకన్నా ఎక్కువ. చాటలోంచి ఎత్తుకున్నప్పుడు చేయి కిందికి లాగింది. ఇది లాగడం లేదు.

ఆగలేక అడిగింది. "సిస్టరూ, ఎనిమిదో నెలల పుట్టినోళ్లు ఎవరన్న ఉన్నరా ఈడ?"

"ఎనిమిదో నెలోళ్లా? వాళ్లు మా దగ్గర పెద్దపిల్లలు మావ్‌శీ," అని నవ్వింది స్నేహల్, ఇంకో పెట్టె సరిచేస్తూ. "ఎక్కువ మందికి వెచ్చగ ఉంచుడు, పాలు పట్టుడు, అంతే పని. పదిరోజులల్ల ఇంటికి పోతరు. మొన్న సోమవారం ఇద్దరు ఇంటికి పోయిండ్రు."

స్నేహల్ ఆ మాట అనేసి తన పనిలో పడిపోయింది. కుర్చీలో కూర్చున్న మనిషి గుండె పగిలిందని ఆ పిల్లకేం తెలుసు? వెచ్చగా ఉంచడం, పాలు పట్టడం. ఎదమీద పెట్టుకుంటే సరిపోయేది. తన ఎద అప్పుడు పాలతో నిండి ఉంది, పిల్ల జానెడు దూరంలో చాటలో ఉంది. వజ్రమ్మకు ఏడుపు తన్నుకొచ్చింది. కదిలితే పిల్ల కదులుతుందని, కదలకుండానే ఏడ్చింది. ఎదమీదున్న పిల్లను చూస్తే ఓర్వలేకపోయింది. నువ్వెందుకు బతకాలి, అది ఎందుకు పోవాలి?

అప్పుడే మెషిన్ కూసింది. ఎర్ర అంకెలు గబగబా పడిపోతున్నాయి. ఎదమీది చిన్న వీపు ఎగరడం లేదు.

"ఊపిరి మరిచిపోయింది," అంది స్నేహల్ వస్తూనే. "ఏడో నెలోళ్లు గట్లనే మరుస్తరు. అరికాలు రుద్దు మావ్‌శీ."

వజ్రమ్మ బొటనవేలితో ఆ అరికాలును రుద్దింది. రుద్దుతూ, పదకొండేళ్ల కిందట తన పిల్లతో ఎవరూ అనని మాట అంది. "తీస్కో బిడ్డా. ఊపిరి తీస్కో. నేనున్న గద." నెల రోజులు ఓర్వలేక చచ్చిన మనిషికి, ఆ క్షణంలో ఈ ఊపిరి తప్ప ఇంకేం అక్కర్లేకపోయింది.

వీపు ఎగిరింది. అంకెలు మెల్లగా పైకి ఎక్కాయి. ఆ మెషిన్‌కు, దాన్ని కనిపెట్టిన మహానుభావుడెవరో వాడికి, రెండు చేతులెత్తి మొక్కాలనిపించింది ఆమెకు. చేతులు ఖాళీగా లేవు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మంలో లక్ష్మవ్వ పక్కింటామెతో చెబుతోంది. "ఏడో నెలది గాబట్టి నిలిచింది. అదే ఎనిమిదో నెలదైతేనా..."

"ఎనిమిదో నెలోళ్లు ఇంకా మంచిగ బతుకుతరత్తమ్మా," అంది వజ్రమ్మ చెప్పులు విడుస్తూ. గొంతు పెంచలేదు. "వెచ్చగ పెట్టుకోని పాలు పడితే సాలంట. పదిరోజులల్ల ఇంటికి పంపుతరంట."

పక్కింటామె ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయింది. లక్ష్మవ్వ చేయి చాచి కోడలి కొంగు పట్టుకోబోయి, పట్టుకోలేక ఆ చేయి ఒళ్లో పెట్టుకుంది.

"అందరు గదే అన్నరు బిడ్డా," అంది. "నేను గూడ గదే నమ్మిన."

వజ్రమ్మ చెప్పులు గోడవారగా సర్ది పెట్టింది.

లోపలినుంచి మౌనిక గొంతు వినిపించింది. "అక్కా, ఎంత పెరిగింది?"

"ఇరవై రెండు. రేపు గూడ నేనే పోత."

అసూయ పోయిందా అంటే, పోలేదు. అది ఎప్పటికీ పోయేది కాదు. కానీ ఆ రోజు గ్రాముల లెక్క చెప్పడానికి లక్ష్మవ్వ గ్యాలరీలోకి పోలేదు. రెండంతస్తులూ చెవులు రిక్కించుకుని ఎదురుచూస్తుంటే, వజ్రమ్మే పోయి చెప్పింది.