అనుసూయాబాయి నోట దిగంబర్ పేరు

ఇస్లాపూర్‌లో దిగంబర్‌ని పేరుపెట్టి పిలవనివాళ్లు లేరు. బస్సు కండక్టరు పిలుస్తాడు, కిరాణా కొట్టువాడు పిలుస్తాడు, పక్కింటి మూడేళ్ల బుడ్డది కూడా "దిగంబల్" అంటుంది. పిలవనిది ఒక్క అతని పెళ్లాం అనుసూయాబాయే. మొగుడి పేరు నోటితో అంటే అతని ఆయుష్షు తగ్గుతుందని అత్త భీమవ్వ ఏ ముహూర్తాన చెప్పిందో గానీ, ఆవిడ పోయినా ఆ మాట మాత్రం పోలేదు. ముప్పై ఏళ్లుగా "ఇగో", "ఏమయ్యా", మరీ ప్రేమ ముంచుకొస్తే కొడుకు పేరు కలిపి "అమోల్ బాపూ". అంతే.

కొడుకు అమోల్‌కి పెళ్లయి కోడలు ప్రతీక్ష వచ్చాక తంటా మొదలైంది. ఆ పిల్ల పొద్దున లేచింది మొదలు "అమోల్, చాయ్ చల్లగైతంది! అమోల్, టవల్ మంచం మీద ఎందుకేసినవ్?" అంటుంటే దిగంబర్‌కి కడుపు మండిపోయేది. నిన్నగాక మొన్న మీసం మొలిచినవాడికున్న భాగ్యం తనకు లేదే! చచ్చేలోపు ఒక్కసారైనా పెళ్లాం నోట తన పేరు వినాలనుకున్నాడు.

అనుసూయాబాయికి అక్షరాలు రావు. ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి "అమోల్ బాపుకు కల్పు" అంటుంది, అది కలుపుతుంది. ఒక మధ్యాహ్నం దిగంబర్ ఆవిడ ఫోన్ దొంగతనంగా తీసి, ఆ పేరు చెరిపేసి "దిగంబర్" అని రాశాడు. వెళ్లి వసారాలోని పత్తి కుప్ప వెనక నక్కాడు. అన్నం వేళకు పిలవక ఎక్కడికి పోతుంది!

"అమోల్ బాపుకు కల్పు."

ఆ పేరుతో ఎవరూ లేరంది ఫోన్.

"మా ఇంటాయనకు." లేరంది.

"ఆ ముసలోనికే, కల్పు!"

ప్రతీక్ష వచ్చి ఫోన్ చూసి పకపకా నవ్వింది. "అత్తమ్మా, మామ పేరు మార్చి పెట్టిండు. దిగంబర్ అనుండ్రి, కలుస్తది."

కుప్ప వెనక దిగంబర్ ఊపిరి బిగబట్టాడు.

"ఆకలైతే ఆయనే అస్తడు తియ్" అంది అనుసూయాబాయి, గిన్నె మీద మూత పెడుతూ.

గంటసేపు కడుపు మాడ్చుకుని బయటికొచ్చాడు. ఆవిడ అతని నెత్తి మీది పత్తిని ఒకసారి చూసి, ఏమీ అడగకుండా వడ్డించింది. అడగనందుకే అతను భయపడాల్సింది. తిని, ఫోన్ దిండు పక్కన పడేసి కునుకు తీశాడు. పెరట్లో అత్తాకోడళ్ల గుసగుసలు వినిపించినా పట్టించుకోలేదు.

మర్నాడు హిమాయత్‌నగర్‌లో పత్తి అమ్మడానికి టెంపోల వరసలో నిలబడ్డాడు. చుట్టూ నలభై మంది రైతులు. జేబులో ఫోన్ మోగింది. రోజూ వచ్చే పాట కాదు.

"ఓ దిగంబర్! దిగంబర్! ఫోనెత్తు! చెవులల్ల పత్తి పెట్టుకున్నవా?"

సాక్షాత్తూ అనుసూయాబాయి గొంతు. వరసంతా ఘొల్లుమంది. వెనకున్న ఊరివాడు భోజన్న టెంపో పట్టుకుని మరీ నవ్వాడు. దిగంబర్ సిగ్గుతో చచ్చిపోయాడు. నొక్కి ఆపేద్దామని జేబులోంచి ఫోన్ తీశాడు గానీ వేలు ఆడలేదు.

ఆగి, మళ్లీ మోగింది. "ఓ దిగంబర్!" అతనికి నిజంగానే ఏడుపొచ్చింది, అదీ ఈ వెధవలందరి ముందు.

"ఎత్తరాదయ్యా, ఇజ్జత్ పోతంది" అన్నాడు భోజన్న.

"పోనియ్."

మూడోసారికి ఎత్తాడు.

"ఎందుకెత్తవు? చెవుడొచ్చిందా?"

"పేరు చెప్తే ఆయుష్షు తగ్గుతదంటివి గదనే! ఇప్పుడెట్ల పిలిస్తివి?"

"నేనెక్కడ పిలిచిన? పిలిచింది నీ ఫోన్. తగ్గితే దాని చార్జింగ్ తగ్గుతది." వెనక ప్రతీక్ష నవ్వు వినిపించింది.

దిగంబర్ ఫోన్‌ని చెవికి కాస్త దూరంగా పట్టుకున్నాడు.

"హలో... హలో... సరిగ్గ వినబడ్తలేదే. పెట్టేసి మల్లొక్కసారి కొట్టు."