బొంగు రొయ్యలు

దేవీప్రసాద్ కనకను మొదట చూసింది అరకు రోడ్డు పక్కన. అక్కడ ఆమె బొంగులో చికెన్ కాల్చి అమ్మేది. వెదురు బొంగు మూతికి ఆకు కుక్కి, పొగకు కళ్లు చికిలించుకుంటూ నిప్పుల మీద దొర్లిస్తుంటే ఆయన కారు దిగి తిన్నాడు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయనకు చేపల కౌంటరు ఉంది. టోకెన్ తీసుకుని, నంబరు పిలిచాక ప్లేటు అందుకుని, ఎత్తు బల్లల దగ్గర నిలబడి తినే చోటు అది.

"మా కౌంటరుకొచ్చి ఇలాగే రొయ్యలు చేసిపెట్టు. టూరిస్టుల సీజన్ అయ్యేదాకా ఉంటే చాలు," అన్నాడు ఆయన.

హుకుంపేట దగ్గరి వాళ్ల ఊరికి వెళ్లి కనక భర్తతో చెప్పింది. ఫల్గుణ వెంటనే ఒప్పుకున్నాడు. వాళ్ల కాఫీ మొక్కలు ఇంకా కాపుకు రాలేదు, ఇంటికి రేకులు వేయాలి. బస్సు కూడా అతనే ఎక్కించాడు.

మొదట్లో ఆమెను వంటింట్లోనే ఉంచారు. తర్వాత దేవీప్రసాద్ నిప్పుల బానను కౌంటరు ముందుకు మార్పించాడు. కొండవాళ్ల తీరులో భుజం మీద ముడేసే చీర కట్టించి, పూసల దండలు వేయించి, తలలో గుచ్చుకోమని రంగు ఈకలు ఇచ్చాడు.

"ఈకలు మావోళ్లు పెట్టుకోరు సార్."

"పెట్టుకుంటారో లేదో ఇక్కడెవరికి తెలుసు? పెట్టుకో."

ఆ తర్వాత స్పీకరు వచ్చింది. టోకెన్లు పిలిచే మధ్యలో కాసేపు కొండవాళ్ల నాట్యం ధింసా ఆడమన్నాడు. ధింసా ఒక్కరు ఆడేది కాదు. పక్కవాళ్ల నడుం చుట్టూ చేతులు వేసి వరసగా ఆడతారు. ఒక్కతే ఆడుతుంటే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కనకకు తెలిసేది కాదు. ఆ సంగతి ఫోనులో భర్తకు చెప్పింది.

"సీజన్ అయ్యేదాకా ఓర్సుకో. ఇక్కడ కొత్త రేకులు తెచ్చి దింపేసినారు," అన్నాడు ఫల్గుణ.

సంక్రాంతి రద్దీ తగ్గాక ఒక ఆదివారం ఫల్గుణ విశాఖపట్నం వచ్చాడు. కనకకు చెప్పలేదు. కాఫీ గింజలు కొనే వరహాలరావు పనిమీద రమ్మన్నాడు. వరహాలరావు తరఫున ఊళ్లలో తిరిగి గింజలు పోగుచేసే పని తనకు దొరుకుతుందని ఫల్గుణ ఆశ. పని మాట్లాడుకున్నాక వరహాలరావు అతన్ని చేపలు తిందామని తీసుకెళ్లాడు. దూరం నుంచి కనక పనిచేసే కౌంటరు బోర్డు చూడగానే ఫల్గుణ కాళ్లు ఆగాయి.

"పక్కన ఇంకో హోటలుంది బాబూ. అక్కడికి పోదాం."

"అక్కడేటుంది? ఇక్కడైతే కొండదొకతి గెంతుతాది. సూద్దువుగాని రా," అన్నాడు వరహాలరావు.

వరహాలరావు వంజరం వేపుడూ, బొంగు రొయ్యలూ తీసుకున్నాడు. ఇద్దరూ బల్ల దగ్గర నిలబడ్డారు. కనక బొంగు చీల్చి రొయ్యలు ప్లేటులో ఒంపుతూ తలెత్తి భర్తను చూసింది. ఆమె ముఖమంతా విప్పారింది. మామూలుగా కౌంటరు మీద పెట్టి నంబరు పిలవాల్సిన ప్లేటును తనే పట్టుకుని బల్ల దగ్గరికి నడిచింది.

వరహాలరావు ఆమెను చూసి ఫల్గుణ వైపు తిరిగాడు. "మీ వైపు మనిషేనట. ఎరికేనా?"

ఫల్గుణ నిమ్మచెక్క అందుకున్నాడు. "నాకు తెలీదు బాబూ."

కనక అప్పటికి బల్ల దాకా వచ్చేసింది. ప్లేటు పెట్టి, నవ్వు ముఖం మీద నుంచి ఇంకా పూర్తిగా పోకుండానే వెనక్కి తిరిగింది.

"ఏటే, అలా ఎట్టీసి పోతావేటి? ఓ సుట్టు ఆడు," అన్నాడు వరహాలరావు.

ఆమె భర్త వైపు చూసింది. అతను చేప మీద నిమ్మకాయ పిండుతున్నాడు. రసం అయిపోయినా పిండుతూనే ఉన్నాడు. కౌంటరులోంచి దేవీప్రసాద్ స్పీకరు శబ్దం పెంచాడు. కనక ఆడింది. ఆట అయ్యాక వరహాలరావు ఒక రొయ్యను తోక పట్టుకుని ఆమె పెదాల దగ్గర పెట్టాడు.

"తిను. నువ్వొండిందే గదా. ఇసం కలిపినావో లేదో తెలవాల."

పక్క బల్లల వాళ్లు ఫోన్లు ఎత్తారు. కనక చేత్తో అందుకోబోతే అతను చెయ్యి వెనక్కి లాగాడు. రెండోసారి కూడా లాగాడు. మూడోసారి ఆమె నోటితోనే అందుకుంది. బల్లల చుట్టూ నవ్వులు లేచాయి. వరహాలరావు నవ్వుతూ ఫల్గుణను చూశాడు. ఫల్గుణ కూడా నవ్వాడు. అతని నవ్వు పెద్దది, చివర్లో ఎక్కిళ్లలా తెగేది. ఊళ్లో ఎవరైనా గుర్తుపట్టే నవ్వు.

పని అయ్యాక కనక ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. ఆ వారమంతా ఎత్తలేదు. చివరికి ఊరి నుంచి పక్కింటి నిర్మల ఫోన్ చేసింది.

"బేగి రా వదినా. నీ ఆట ఎవరో ఫోన్లో ఎక్కించినారు. ఊరంతా సూసింది. నిన్ను వదిలేత్తానని అన్నియ్య పెద్దమనుషుల్ని కూర్సోబెట్టినాడు. మారుమనువుకి సీలేరు వైపు గుంటని కూడా సూసుకున్నాడంట."

కనక పొద్దున్నే బస్సెక్కింది. ఆమె వెళ్లేసరికి పెద్దమనుషులు ఇంటి ముందే కూర్చుని ఉన్నారు. ఇంటి మీద కొత్త రేకులు ఎండకు మెరుస్తున్నాయి. పెద్దాయన యర్రయ్య చేతిలో ఫోనుంది.

"నా మొగుడే పంపినాడు," అంది కనక. "ఆడమంటన్నారని కూడా సెప్పినాను. ఓర్సుకోమన్నాడు."

"వంటకే పంపినాను. మగోళ్ల సేతి కూడు నోటితో తినమన్నానా?" అన్నాడు ఫల్గుణ. అతను ఆమె ముఖం చూడలేదు.

"తిన్నప్పుడు ఈయన ఆడే ఉన్నాడు."

"అబద్ధం."

కనక యర్రయ్య వైపు తిరిగింది. "మావా, అది మళ్లీ పెట్టు. శబ్దం పెంచి పెట్టు."

యర్రయ్య పెట్టాడు. వీడియోలో ఫల్గుణ ఎక్కడా కనిపించలేదు. రొయ్య వెనక్కి పోవడం, ఆమె మెడ ముందుకు సాగడం, నవ్వులు. ఆ నవ్వుల్లో ఒకటి పెద్దదిగా లేచి, ఎక్కిళ్లలా తెగింది. గుమ్మంలో నిలబడ్డ అత్త తల దించుకుని లోపలికి పోయింది. ఫల్గుణ ముఖం నల్లబడింది.

యర్రయ్య ఫోను ఆపాడు. కనక ఆయన నోటివైపే చూస్తూ నిలబడింది.

"ఉన్నాడు," అన్నాడు యర్రయ్య. "ఉంటే ఏటి? మగోడు నవ్వినాడు. లోకం సూసింది నిన్ను. నిన్ను ఇంట్లో ఎట్టుకుంటే రేపు మా గుంటలకి సంబంధాలు రావు."

మిగతావాళ్లు తలలూపారు. నిజం తెలిశాక తీర్పు చెప్పడం వాళ్లకు తేలికైనట్టే ఉంది. కనక బట్టలు మూటగట్టుకోవడానికి లోపలికి వెళ్లబోతే ఫల్గుణ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. నిర్మలే లోపలికి వెళ్లి మూట తెచ్చి ఇచ్చింది.

మర్నాడు కనక కౌంటరుకు తిరిగొచ్చింది. పుట్టింట్లో ఎవరూ లేరు. వెళ్లడానికి ఇంకో చోటు లేదు. ఇంటి సంగతి దేవీప్రసాద్‌కు చెప్పింది.

ఆయన "అయ్యో," అన్నాడు. వెంటనే, "ఆ వీడియో మాత్రం ఎంత పోయిందో తెలుసా? వచ్చినవాళ్లంతా ఆ రొయ్య నోటితో అందుకునే అమ్మాయేదీ అని అడుగుతున్నారు. ఇకమీదట రోజూ చేద్దాం," అన్నాడు.

"ఎవరు పెడితే ఆళ్ల సేత్తోనా సార్?"

"అదే కదా సరదా."

ఆ ఆదివారం వరస రోడ్డు దాకా సాగింది. అందరికన్నా ముందు నిలబడింది ఒక కొత్త పెళ్లికూతురు, చేతులకు గోరింటాకు ఇంకా ఎర్రగా ఉంది. భర్త ఫోను పట్టుకుని కెమెరా సరిచూసుకున్నాడు. ఆ అమ్మాయి ప్లేటులోంచి ఒక రొయ్య తీసి, నోరు కాలుతుందేమోనని రెండుసార్లు ఊది, కనక ముందు పెట్టింది.

కనక మెడ చాచింది. ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి లాగింది.