రిమార్కుల గడిలో ఒక మాట

సదస్సులో పెట్టిన నా పరిశోధన పోస్టర్ మీద కింది వరసలో ‘మరణాలు: 1’ అని ఉంది. ఎవరొచ్చి ఏం అడిగినా మిగతా అంకెలన్నీ చూపిస్తాను గానీ, ఆ ఒకటి జోలికి వెళ్లకూడదని ముందే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒకటి కొండమ్మ.

మాది వేంసూరు. ఖమ్మంలో మా యూనివర్సిటీ నడిపే గర్భిణుల రక్తహీనత ప్రాజెక్టులో నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. మొదట్లో భద్రాచలం దాటి దుమ్ముగూడెం అడవి ఊళ్లలో తిరిగాను. ఏడాది నిండకుండానే ఆఫీసుకి మార్చారు. ఫీల్డ్ నుంచి వచ్చే ఫారాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. ఏసీ గది, తిరిగే కుర్చీ. అందరూ అదృష్టవంతురాలివి అన్నారు. నా మొహం అదృష్టం! ఆ కుర్చీలో కూర్చున్న మొదటి రోజే నాకు కొండమ్మ ఇంటి వసారా మీద బెంగ పట్టుకుంది.

ఒక వానాకాలం వాగు పొంగి బండి దాటక రెండు రోజులు వాళ్లింట్లోనే ఉండిపోయాను. కొండమ్మకు అప్పుడు నాలుగో నెల. నా ఈడుదే. హిమోగ్లోబిన్ చూద్దామని వేలికి సూది గుచ్చబోతే చెయ్యి వెనక్కి లాక్కుంది.

“నా నెత్తురు నువ్వు తీస్కపోతవ్. మరి నీ నెత్తురు నాకు చూపియ్యవా?”

న్యాయమే కదా. ముందు నా వేలు గుచ్చుకున్నాను, తర్వాత ఆమె వేలు. తీరా చూస్తే నా అంకె ఆమె అంకె కన్నా తక్కువ! ఆ పొద్దంతా ఊళ్లో కనిపించిన వాళ్లందరికీ కోయ భాషలో ఆ ముచ్చట చెప్పి చెప్పి నవ్వింది. వచ్చినోళ్లు నన్ను చూసి నవ్వారు. రాత్రికి నా కంచంలో రెండు గరిటెల జావ ఎక్కువ పోసి, తాగేదాకా ఎదురుగా కూర్చుంది.

మా ప్రశ్నల పత్రంలో చివరి వాక్యం ఒకటుంటుంది, తప్పనిసరిగా చదివి వినిపించాలి. ‘మళ్లీ వచ్చి మిమ్మల్ని కలుస్తాం.’ నేను చదివాను. కొండమ్మ మూతి తిప్పింది.

“అందరు గదే అంటరు భార్గమ్మా. ఎవరొచ్చిన్రు?”

భార్గవి అనడానికి ఆమెకు నోరు తిరిగేది కాదు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. “అందరి సంగతీ నాకు తెలీదు. నీ కాన్పు నాటికి నేను వస్తాను, చూడు” అన్నాను. మరుసటి నెలలోనే ఆఫీసుకి మార్చేశారు.

ఫీల్డ్‌లో నా చోటికి మోతీ వచ్చింది. తిరుమలాయపాలెం దగ్గర తండా పిల్ల, గలగలా మాట్లాడుతుంది, పనిలో మహా చురుకు. ఆమె పంపిన ఫారాల కట్టలో ఒక రోజు కొండమ్మ కాగితం వచ్చింది. అప్పటికి తొమ్మిదో నెల. గడులన్నీ ఖాళీ. రిమార్కుల గడిలో మాత్రం గుండ్రటి అక్షరాలతో ఒకటే మాట: పోయింది.

బాత్రూంలోకి వెళ్లి, బయటికి వినపడకుండా కుళాయి తిప్పి ఏడ్చాను. మొహం కడుక్కుని వచ్చి మరణం కోడ్ కొట్టాను. ఆ కోడ్ పడ్డాక, ఫీల్డ్ వాళ్లు ఏ ఇంటికి వెళ్లాలో చూసుకునే టాబ్‌లో ఆ పేరు మళ్లీ రాదు, ఎవరూ ఆ గడప తొక్కరు.

ఇంకో పని మిగిలింది. మరణం నమోదైతే వేరే ఫారం ఉంటుంది. ఆ ఇంటికి వెళ్లి, ఎప్పుడు, ఎలా జరిగిందని ఇంటివాళ్లను అడిగి నింపాలి. ఆ ఊరు తెలిసినదాన్నని నన్నే వెళ్లమన్నారు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? కాన్పుకి వస్తానని కోతలు కోసి, అంతా అయ్యాక పెన్ను పట్టుకుని వెళ్లనా? వెళ్లలేదు. కుర్చీలో కూర్చునే ‘ఇంటివారు అందుబాటులో లేరు’ అని రాసేశాను. ఈ ఉద్యోగంలో నేను రాసిన అబద్ధం అదొక్కటే.

మూడేళ్లు గడిచాయి. ఖమ్మం బస్టాండులో భద్రాచలం బోర్డు కనిపిస్తే తల తిప్పుకునేదాన్ని. రెండుసార్లు ఎక్కి కూర్చుని, బస్సు కదిలేలోపే దిగిపోయాను. లేని మనిషిని చూడాలని ఇంత తహతహలాడడం ఏమిటని నన్ను నేను తిట్టుకునేదాన్ని.

ఈలోగా మా యూనివర్సిటీలో మూడు రోజుల ఆరోగ్య పరిశోధన సదస్సు వచ్చింది. దాంతోపాటు మా లాంటి వాళ్లను బాగుచెయ్యడానికి వర్క్‌షాపులు. వ్యాసం రాయడం ఎలా, గ్రాంటు అడగడం ఎలా, మూడు నిమిషాల్లో మీ పరిశోధన చెప్పడం ఎలా. ఆ మూడు నిమిషాల దాంట్లో బాగా చెప్పినవాళ్లకు చివరి రోజు పెద్ద స్టేజీ ఇస్తారట.

“భార్గవీ, దీన్ని వదలకు. పీహెచ్‌డీ సీటు ఇంటర్వ్యూలో నీకు పనికొస్తుంది” అంది మా ప్రాజెక్టు హెడ్ ఆతియా మేడం.

వర్క్‌షాపు నడిపే అనిల్‌కుమార్ గారు హైదరాబాద్ నుంచి వచ్చారు. చెవికి మైకు, కాళ్లకు తెల్ల బూట్లు. “అంకె చెప్పకండి, అంకె వెనకున్న మనిషిని చూపించండి” అంటూ హాల్లో పోస్టర్ల ముందు తిరిగారు. తిరిగి తిరిగి నా దగ్గర ఆగి, అన్ని అంకెలుండగా సరిగ్గా దాని మీదే వేలు పెట్టారు.

“ఈ ఒకటి ఎవరు?”

ఒళ్లు మండింది. నువ్వెవరయ్యా అడగడానికి అనబోయాను. కానీ మూడేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. నోరు తెరిచాను, ఇక ఆగలేదు. వాగు, సూది, జావ, ఇచ్చిన మాట, అన్నీ చెప్పాను. “ఆమెను మళ్లీ ఒక్కసారి చూడాలని ఉంది. చూడలేను. పోయింది” అన్నాను.

“అద్భుతం! స్టేజీ మీద ఆ చివరి మాటకు ముందు రెండు సెకన్లు ఆగండి, చాలు” అన్నారు అనిల్‌కుమార్ గారు.

అప్పుడు వెనక వరసలోంచి, సదస్సు సంచులు పంచుతున్న మోతీ లేచింది.

“అక్కా, కొండమ్మ సచ్చిపోయిందని నీకెవరు చెప్పిన్రు?”

“నువ్వే కదా.”

“నేనా!”

“ఫారంలో రాశావు. పోయింది అని.”

“అవ్, పోయింది. తల్లిగారింటికి పోయింది, చింతూరు దిక్కు. సచ్చిపోతే సచ్చిపోయిందనే రాస్త గద! పోయింది అంటే ఏంది, పోయిందనే.”

మా వేంసూరు వైపు మనిషి ఊరెళితే వెళ్లింది అంటాం. మనిషి గురించి పోయింది అన్నామంటే ఇక ఏడవడమే. మోతీ వాళ్లు బజారుకీ పోతారు, బడికీ పోతారు, పెళ్లికీ పోతారు. మూడేళ్లుగా ఆ పిల్ల ఫారాలు ఇవ్వడానికి ఆఫీసుకి వచ్చినప్పుడల్లా పక్కన కూర్చుని అన్నం డబ్బా తిన్నాను. వచ్చిన ప్రతిసారీ వందసార్లు ఆ నోట ఆ మాట విన్నాను. పైగా కాన్పుకి పుట్టింటికి వెళ్లడం మా ఇళ్లలో లేనిదా? ఆ మాత్రం తట్టలేదు నా బుర్రకి.

“ఆర్నెల్లకే మళ్ల మొగనింటికొచ్చింది. టాబ్‌ల పేరు రాకపాయె, ఆఫీసోళ్లే తీసేసిన్రనుకున్న. మొన్న చర్ల సంతల కలిసింది గద, చంకల ఆడపిల్ల.”

“నాతో ఒక్క మాట చెప్పలేదేం మోతీ?”

“ఆ ఊరి ముచ్చట తీస్తే చాలు, పనుందని లేస్తుంటివి. ఎట్ల చెప్పాలె అక్కా?”

నిజమే, అలాగే లేచేదాన్ని. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో నాకే తెలియలేదు. కొండమ్మ ఉంది. ఎక్కడో కాదు, ఆ వసారాలోనే ఉంది. “ఇది ఇంకా బాగుందండీ!” అని అనిల్‌కుమార్ గారు చప్పట్లు కొట్టబోయారు. ఆతియా మేడం చెయ్యెత్తి ఆపింది.

“భార్గవీ, మరణమైతే ఇంటికెళ్లి నింపే ఫారం ఉందిగా. ఇంటివాళ్లు దొరకలేదని నువ్వే రాశావు. వెళితే కనీసం వాళ్ల అత్త అయినా చెప్పేది కదా?”

అందరూ నా వైపే చూస్తున్నారు. తప్పంతా ఆ ఒక్క మాట మీదకి, మోతీ మీదకి నెట్టేయొచ్చు. మోతీ అప్పటికే బిక్కమొహం వేసి సంచి నాడా నలుపుతోంది. ఆ పిల్ల తప్పేముంది?

“నేను వెళ్లలేదు మేడం. వెళ్లకుండానే వెళ్లినట్టు రాశాను.”

మేడం పోస్టర్ మీది ఆ ఒకటి వైపు చూసింది. “పోస్టర్ తీసెయ్. రేపు స్టేజీ లేదు. సీటు సంగతి నాకిప్పుడు తెలియదు” అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, “ఆ ఫారం ఇప్పటికీ నీ పేరు మీదే ఉంది. వెళ్లి రా” అంది.

సీటు గురించి బాధ లేదంటే అబద్ధం, ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు. పోస్టర్ చుట్టి చంకలో పెట్టుకుని తిన్నగా బస్టాండుకి వచ్చాను. భద్రాచలం బోర్డు చదివి మరీ ఎక్కాను. కదిలాక కూడా దిగలేదు. తల్లాడ దాటాక, మోతీ ఇచ్చిన కొండమ్మ నంబరు కొట్టాను. రెండుసార్లు అందలేదు. మూడోసారి మోగింది.

“ఎవరూ?”

ఆ గొంతే.

“నేను... భార్గవిని. భార్గమ్మను.”

అవతల కోళ్ల అరుపులు, ఎవరో చిన్నపిల్ల మారాం. కాసేపటికి అడిగింది.

“ఏ భార్గమ్మ? నెత్తురు తక్కువున్న భార్గమ్మనా?”

“ఆ... అవును, నేనే” అన్నాను. అటు వచ్చే నవ్వు కోసం చెవి ఒగ్గి కూర్చున్నాను. నవ్వలేదు. ఇక దాచుకోలేక చెప్పేశాను. “నువ్వు పోయావనుకున్నాను కొండమ్మా. ఇన్నేళ్లూ నువ్వు పోయావనే అనుకున్నాను.”

“నేనేడికి పోయిన?” అంది కొండమ్మ. “ఈడనే ఉన్న. పోయింది నువ్వు.”