మూడు దాటని నొప్పి

భూతద్దం ఒంట్లో ఏ రోగమూ లేదని మూడేళ్ళలో నలుగురు డాక్టర్లు తేల్చి చెప్పారు. రక్తం బాగుంది, ఎముకలు బాగున్నాయి, థైరాయిడ్ బాగుంది, గుండె గడియారంలా కొట్టుకుంటోంది. ఇంత బాగున్న మనిషి పొద్దున్నే మంచం దిగడానికి గోడ ఎందుకు పట్టుకుంటోందో మాత్రం నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పకపోతే పోనీ, "మనసులో ఏమైనా దిగులుందా అమ్మా?" అని అడిగారు. ఉంది మరి. ఒళ్ళంతా సలుపుతుంటే దిగులు ఉండక సంబరం ఉంటుందా?

భూతద్దం అసలు పేరు కాదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పధ్నాలుగేళ్ళుగా నిలబడుతున్న మనిషి ఆవిడ. నెత్తిమీద ట్యూబ్‌లైట్లు, ముందు తెల్లటి బల్ల, పక్కన చొక్కాల గుట్ట. ఒక్కొక్కటీ తీసి పరిచి, కాలర్ దగ్గర మొదలుపెట్టి అంచు దాకా కళ్ళతోనూ వేళ్ళతోనూ తడుముతుంది. కుట్టు జారినా, జేబు వంకరపోయినా, గుండీ నూలుపోగంత పక్కకు జరిగినా ఆవిడ కంట పడకుండా పోదు. తప్పు దొరికిన చోట ఎర్ర స్టిక్కరు అంటిస్తుంది. పక్క టేబుల్ మీద పనిచేసే వాగుడుకాయ ఆవిడకు ఆ పేరు పెట్టింది. వాగుడుకాయకు ఆ పేరు ఎవరు పెట్టారో అడగక్కర్లేదు, పది నిమిషాలు పక్కన నిలబడితే ఎవరైనా పెడతారు.

ఆ ఫ్యాక్టరీలో ఒక రూలుంది. స్టిక్కర్లు మూడు వరకు ఉంటే చొక్కా ఆల్టరేషన్‌కు వెళ్తుంది. నాలుగోది పడిందా, ఇక బాగుచేయడం దండగ అని రిజెక్ట్ డబ్బాలో వేస్తారు. ఊరికే వేయరు, ఎవరూ తొడుక్కోకుండా కత్తెరతో వీపు నిలువునా చీల్చి మరీ వేస్తారు. దాన్ని కుట్టిన వాళ్ళకు ఆ పూట చీవాట్లు. అందుకని చెకింగ్ వాళ్ళకు ఒక అలవాటు పడింది. చొక్కాలో ఏడు తప్పులున్నా, మరీ ఘోరమైన మూడింటికే స్టిక్కరు అంటిస్తారు. మిగతావి ఆల్టరేషన్ టైలరు కంటపడితే సరిచేస్తాడు, పడకపోతే చొక్కా అదృష్టం. ఏడింటిలో ఏ మూడు ఎంచాలో తెలియడమే ఈ పనిలో అసలు తెలివి. భూతద్దానికి ఆ తెలివి ఆలోచించకుండానే వస్తుంది. అట్లా ఆవిడ చేతిమీదుగా కత్తెర తప్పించుకున్న చొక్కాలు ఎన్ని వందలో లెక్కలేదు.

నొప్పి మొదట మెడలో మొదలైంది. నిలబడి చేసే పని కదా, అలాగే ఉంటుందనుకుంది. తర్వాత భుజాలు, తర్వాత నడుము, ఆ తర్వాత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో కూడా తెలియకుండా పోయింది. బస్సు గతుకులో పడితే పక్కటెముకలు జిల్లుమనేవి. తల దువ్వుకుంటే మాడు నొప్పి. ఎనిమిది గంటలు పడుకుని లేచినా రాత్రంతా మూటలు మోసినట్టుండేది. మందుల షాపులో ఉన్న పూతలన్నీ అయ్యాయి. నడుముకు బెల్టు, మెడకు పట్టీ, వేడినీళ్ళ సంచి అయ్యాయి. పరుపు మెత్తనైతే మంచిది కాదన్నారని నేలమీద పడుకుంది, నేల గట్టిదని మరొకరంటే మళ్ళీ పరుపెక్కింది. వాగుడుకాయ రోజుకో వైద్యం చెప్పేది. వాటిలో సగం ఆవిడకు గేదెల డాక్టరైన మేనమామ చెప్పినవని తర్వాత తెలిసింది.

భర్త కాటా మెకానిక్. దుకాణాల్లో తూకం వేసే కాటాలు చెడిపోతే బాగుచేస్తాడు. కిలో బండ పెడితే కిలో చూపించాలి, రెండు గ్రాములు తేడా వచ్చినా ఊరుకోడు. ఆయన లోకమంతా అంతే, తూకానికి వచ్చేది ఉన్నట్టు, రానిది లేనట్టు. మొదటి ఏడాది తనే పని మానుకుని భార్యను ఆసుపత్రులకు తిప్పాడు, రాత్రిళ్ళు వీపుకు మందు రాశాడు. రెండో ఏడాది రిపోర్టులు తనే చదవడం మొదలుపెట్టాడు. అన్నీ నార్మల్. మూడో ఏడాది ఆవిడ "అబ్బా" అంటే తలెత్తి చూడటం మానేశాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే భూతద్దానికి ఇంత బాధ ఉండేది కాదు, మనసులో నాలుగు తిట్టుకుని ఊరుకునేది.

ఒక సెలవు రోజు ఆయన ఫైలు తెచ్చి డాక్టర్ల చీటీలన్నీ బల్లమీద వరసగా పేర్చాడు.

"ఇలా వచ్చి చూడు," అన్నాడు. "మొదటి డాక్టరుకు మెడ, కుడి భుజం, నడుము అని చెప్పావు. రెండో ఆయనకు మోచేతులు, మోకాళ్ళు, పిక్కలు. మూడో ఆయన దగ్గర తుంటి, మణికట్లు, మళ్ళీ మెడ. నాలుగో ఆవిడ దగ్గరికి వచ్చేసరికి మెడ ఊసే లేదు. దవడ, అరికాళ్ళు, వీపు అట."

"ఆ రోజుకు ఏది ఎక్కువుంటే అది చెప్పానండీ."

"కాటా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూపిస్తే నేనేమంటానో తెలుసా? కాటాలోనే తేడా ఉందంటాను."

ఆవిడ గోరంతను కొండంత చేస్తోందని ఆయన నోటితో అనలేదు గానీ, అన్నా ఇంతకన్నా నొప్పి పెట్టేది కాదు.

"కీళ్ళ డాక్టరు ఒకావిడ ఉందట," అన్నాడాయన చీటీలు సర్దుతూ. "చివరిసారి వెళ్దాం. ఆవిడ కూడా ఏమీ లేదంటే ఇక ఇంట్లో ఈ నొప్పుల మాట ఎత్తకూడదు. నువ్వూ ఎత్తద్దు, నేనూ అడగను. సరేనా?"

సరేనంది. అనక ఏం చేస్తుంది? కానీ ఆ రోజు నుంచి ఆవిడకు నొప్పికన్నా పెద్ద భయం పట్టుకుంది. నొప్పి భరించడం అలవాటైంది. అదే ఇంట్లో, అదే మనిషి పక్కన, ఏమీ లేనట్టు మొహం పెట్టుకుని మిగిలిన బతుకంతా భరించాలంటే మాత్రం ఆవిడకు ధైర్యం చాలలేదు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, సరిగ్గా అక్కడ వచ్చి నిలబడింది.

కీళ్ళ డాక్టరు గది చిన్నది. కిటికీ పక్కన బరువు చూసే మెషీన్ ఉంటే, కాటా మెకానిక్ అలవాటు కొద్దీ దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి కూర్చున్నాడు. డాక్టరుకు అరవై దాటి ఉంటాయి. ఫైలు తిరగేసింది. ఒక కాగితం, పెన్సిలూ భూతద్దం ముందుకు జరిపింది. కాగితం మీద మనిషి బొమ్మ ఉంది, ఎదర నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి.

"గడిచిన వారం రోజుల్లో నొప్పి వచ్చిన చోటల్లా గీత పెట్టండి. తొందరేం లేదు," అంది.

భూతద్దం పెన్సిలు తీసుకుని బొమ్మను కాసేపు చూసింది. ఎడమ తుంటి మీద ఒక గీత పెట్టింది. మెడ వెనక ఒకటి. కుడి మోచేతి దగ్గర ఒకటి. పెన్సిలు కింద పెట్టేసింది.

"చూశారా డాక్టరుగారూ," అన్నాడు భర్త. గొంతులో వెటకారం కన్నా అలసటే ఎక్కువుంది. "ఈసారి మళ్ళీ మారాయి."

డాక్టరు ఆయన మాట పట్టించుకోలేదు. ఫైలులోంచి పాత చీటీలు తీసి, ఈ కాగితం పక్కన పెట్టుకుని, వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

"చోట్లు మారాయి, నిజమే," అంది. "కానీ ఇక్కడా మూడు. ఇక్కడా మూడు. నలుగురి దగ్గరా మూడు, నా దగ్గరా మూడే. ఎందుకమ్మా?"

రెండు గ్రాముల తేడా పట్టే కాటా మెకానిక్ ముందుకు వంగి చీటీలు చూశాడు. మూడేళ్ళుగా ఆ ఫైలు మోస్తున్నది తనే.

"ఏమోనండీ," అంది భూతద్దం. నిజంగానే ఆవిడకు తెలియదు.

"మూడు దాటితే ఏమవుతుంది?"

"రిజెక్ట్ చేస్తారు కదండీ."

ఆ మాట ఆవిడ అనుకుని అన్నది కాదు, చేతిలో స్టిక్కరు ఉన్నప్పుడు వచ్చినట్టు దానంతట అదే వచ్చింది. వచ్చాక తన చెవులతో తనే వింది. తర్వాత తడబడుతూ చొక్కాల సంగతి, కత్తెర సంగతి చెప్పింది. చాలా ఎక్కువ చోట్ల నొప్పి అంటే బాగుచేయడం దండగ అనుకుని పక్కన పెట్టేస్తారని ఎక్కడో లోపల అనుకుని ఉంటాను, అందుకే ఏ రోజుకు ఆ రోజు మరీ ఘోరమైన మూడు ఎంచి చెప్పి ఉంటాను అంది. చెబుతుంటే సిగ్గుతో మెడ వంగిపోయింది, వంగితే ఆ మెడ ఇంకా నొప్పి పెట్టింది.

డాక్టరు కొంచెం నవ్వింది. "ఇక్కడ రిజెక్ట్ డబ్బా లేదమ్మా. ఆ మూల బుట్ట ఉంది, అది కాగితాలకే. మళ్ళీ మొదటి నుంచి పెట్టండి. ఒక్కటీ వదలద్దు."

భూతద్దం కాలర్ దగ్గర మొదలుపెట్టినట్టే మెడ దగ్గర మొదలుపెట్టింది. భుజాలు, రెక్కలు, మోచేతులు, మణికట్లు. వీపు పైన, వీపు కింద. దవడ రెండు వైపులా. తొడలు, మోకాళ్ళు, పిక్కలు, మడమలు. పెన్సిలు ముక్కు అరిగిపోతే డాక్టరు ఇంకోటి ఇచ్చింది. భర్త మొదట చేతులు కట్టుకుని చూశాడు. కాసేపటికి చేతులు విడిపోయాయి. చివరికి బొమ్మలో గీత లేనివి ముక్కూ చెవులే.

డాక్టరు లేచి ఒళ్ళంతా వేళ్ళతో నొక్కి చూసింది, నిద్ర గురించి అడిగింది, మతిమరుపు గురించి అడిగింది. రక్త పరీక్షలు మళ్ళీ చదివింది. అప్పుడు చెప్పింది, దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారని. ఎముకల్లోనో కండల్లోనో దెబ్బ ఉండదట. నొప్పి కబురు మోసే నరాలూ మెదడూ చిన్న తాకిడిని కూడా పెద్ద దెబ్బగా వినిపిస్తాయట. ప్రాణం తీయదు. పూర్తిగా పోతుందనీ చెప్పలేదు. నిద్రకు ఒక మాత్ర రాసింది, రోజూ పది నిమిషాలు మెల్లగా నడవమంది, పనిలో గంటకోసారి కూర్చోవాలని ఫ్యాక్టరీకి చీటీ ఇచ్చింది. సగం తగ్గినా గెలిచినట్టే అనుకోమంది.

"ఇది ఏ టెస్టులో తేలిందండీ?" అని అడిగాడు భర్త.

"ఏ టెస్టులోనూ తేలదు. టెస్టులు వేరే జబ్బులు లేవని చెప్పడానికే. దీనికి మనిషి చెప్పిన మాటే ఆధారం."

ఆయన ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు.

ఆసుపత్రి ఎదురుగా బస్ స్టాపులో సిమెంటు బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. ఎండ చుర్రుమంటోంది. భూతద్దం చేతిలో చీటీ ఉంది, దాని మీద జబ్బు పేరుంది. మూడేళ్ళ తర్వాత దొరికిన పేరు. సంతోషంగా ఉండాలి. కానీ జీవితాంతం ఉండేదానికి పేరు తెలిసిందని సంతోషపడాలో ఏడవాలో ఆవిడకు తోచలేదు. పక్కనున్న మనిషి ఏమంటాడోనని చూస్తోంది.

ఆయన అన్నాడు. "అన్ని చోట్ల నొప్పి ఉన్న మనిషి రోజూ పనికెళ్ళి ఎలా వస్తుంది? నాకు మింగుడు పడటం లేదు. అబద్ధమాడను. నమ్మబుద్ధి కావడం లేదు."

ఆవిడకు ఒళ్ళు మండింది. మూడేళ్ళలో మొదటిసారి గట్టిగా మండింది.

"నేను ఎక్కువ చేసి చెబుతున్నానని ఇన్నాళ్ళూ మీరనుకున్నారు," అంది. "తక్కువ చేసి చెప్పాను. అదీ నేను చేసిన తప్పు."

బస్సు వచ్చి ఆగింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు. కండక్టరు ఒక చూపు చూసి విజిల్ ఊదేశాడు.

"డాక్టర్లకు చెప్పకపోతే సరే," అన్నాడాయన, వెళ్ళిపోతున్న బస్సు వైపే చూస్తూ. "నాకెందుకు చెప్పలేదు?"

"మీరూ నన్ను పనికిరానిదని అనుకుంటారేమోనని."

ఆయన అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించుకుని, గోళ్ళ సందుల్లో నల్లబడ్డ గ్రీజు చూసుకుంటూ కూర్చున్నాడు. అనుకోలేదని చెప్పాలనే ఉండి ఉంటుంది. అనుకున్నాడు గనుక చెప్పలేకపోయాడు.

"ఇప్పుడెక్కడుంది?" అన్నాడు చివరికి.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. ఇక్కడ కూర్చున్నప్పుడు."

"మెడలో," అంది. "నడుము. కుడి తొడ."

అక్కడ ఆగిపోయింది. ఆయన ఆవిడ వైపు తిరిగాడు. మూడేళ్ళుగా కాగితాల్లో వెతికిన మనిషి ఇప్పుడు ఆవిడ మొహంలోకి చూస్తున్నాడు.

"ఇంకా?" అన్నాడు.

"ఎడమ భుజం," అంది భూతద్దం. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మిగిలినవన్నీ చెప్పింది, ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డురాలేదు.