పొట్టి కాళ్ల పరుగు

“వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూడడమెందుకు? అదేమైనా నీతో అబద్ధమాడుతుందా?” అన్నాడు భర్త మెట్లు దిగుతూ.

“ఒక్కసారి లాగితే నాకు నమ్మకం కుదరదు. మీకేం పోయింది?”

“సాయంత్రం పోయింది!”

ఆమె పంతానికి మూడోసారి కూడా లాగింది. వెనక్కి తిరిగేసరికి తండ్రీకూతుళ్లు వీధి మలుపు దగ్గరున్నారు. ఇద్దరూ తాడిచెట్టంత పొడుగు. రోజు మొత్తంలో ముగ్గురూ కలిసేది ఈ నడకలోనే. అప్పుడు చెప్పుకునే కబుర్ల కోసమే ఆమె వస్తుంది. వినిపించేది మాత్రం వాళ్ల నవ్వుల చివర్లే. ఆయాసపడుతూ అందుకునేసరికి మాట మారిపోయి ఉంటుంది. “కాస్త నెమ్మదిగా” అంటే నాలుగడుగులు నెమ్మదిస్తారు, మళ్లీ మామూలే.

పశువుల ఆసుపత్రిలో ఆమె ఉద్యోగం నడకలు కొలవడం. జంతువు పాదాలు తడిపి, పొడుగాటి కాగితం మీద నడిపించి, అడుగుల మధ్య దూరం రాసుకుంటుంది. అక్కడంతా ఆమెను కొలతలక్కయ్య అంటారు.

మర్నాడు ఒక పెద్దాయన రెండు కుక్కల్ని ఒకే తాడుకు కట్టి తీసుకొచ్చాడు. ఒకటి దూడంత ఉంది. రెండోదానివి జానెడు కాళ్లు; అరికాళ్లు ఒరుసుకుపోయి కుంటుతోంది.

“దీనికి ఒళ్లు బద్ధకమమ్మా. ఈడ్చుకు రావాల్సొస్తోంది.”

ఆమె రెంటినీ పక్కపక్కన నడిపించింది. పెద్దది పదకొండు అడుగుల్లో కాగితం దాటింది. చిన్నదానికి ఇరవైతొమ్మిది పట్టాయి. పెద్దదాని గుర్తులు తీరుగా పడ్డాయి. చిన్నదానివి నాలుగేసి చొప్పున గుంపులు గుంపులుగా ఉన్నాయి.

“బద్ధకం కాదండీ. గుర్తులు ఇలా గుంపులుగా పడ్డాయంటే, పెద్దది తాపీగా నడుస్తుంటే ఇది దౌడు తీస్తోందన్నమాట. ఈ కాళ్లతో ఆ వేగాన్ని నడిచి అందుకోలేదు.”

“పోనీ, పెద్దదాన్నే నెమ్మదిగా నడిపిస్తే?” అన్నాడు పెద్దాయన.

గుర్తులు చూస్తున్న డాక్టరుగారు కాగితం మీంచి తలెత్తలేదు. “ఎంతసేపని? దాని కాళ్ల తీరు అది. రెంటినీ విడివిడిగా తిప్పండి.”

“ఒంటరిగా అయితే బెంగపడుతుందేమోనండీ,” అన్నాడు పెద్దాయన.

ఆమె కాగితం చుట్టి పక్కన పెట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర కూతురు అంది, “నాన్నా, రేపు పార్కు అవతలిదాకా వెళ్దామా?”

“మీరిద్దరూ వెళ్లండి,” అంది ఆమె. “రేపట్నుంచి నేను ఒక్కదాన్నే నడుస్తా. మీకంటే అరగంట ముందే బయల్దేరతా.”

“అలిగావా ఏంటి?”

“అలగలేదు. పరిగెత్తలేకపోతున్నానండీ, అంతే.”

ఆయన కూతురి వంక చూశాడు. కూతురు కంచంలోకి చూసుకుంది.

“సరే, నీ ఇష్టం,” అన్నాడాయన.

వద్దని బతిమాలితే ఏం చెప్పాలో కూడా ఆమె ఆలోచించి పెట్టుకుంది. చెప్పాల్సిన అవసరం రాలేదు.