ఎవరో ఒకరు వద్దనాలి

మా విమానంలో ఒక నియమం ఉంది. లోపలున్న ముగ్గురిలో ఎవరు ‘వద్దు’ అన్నా వెనక్కి తిరగాల్సిందే. ఎందుకని అడగకూడదు. ఈ వానాకాలమంతా ఆ మాట ఎవరి నోటా రాలేదు.

అందరూ తప్పించుకుపోయే మబ్బు కిందికి కావాలని దూరడమే మా ఉద్యోగం. ఉరుముల మబ్బులోంచి చల్లగాలి ఒక్కసారిగా కిందికి పడి, నేలను తాకి నలువైపులా చెదురుతుంది. దిగుతున్న విమానం అందులో చిక్కితే ముందు పైకి లేస్తుంది, మరుక్షణం కిందికి జారిపోతుంది. ఆ గాలిని అరనిమిషం ముందే పసిగట్టి పైలట్‌ను హెచ్చరించే యంత్రాన్ని పరీక్షిస్తున్నాం. దాని ముందు కూర్చునేది నేను. మా తమ్ముడు ప్రయాణికుల విమానం నడుపుతాడు. వచ్చే వానలకల్లా ఆ యంత్రం వాడి ముందు ఉండాలని నా ఆరాటం.

ఆ మధ్యాహ్నం వచ్చింది ఈ ఏటికి చివరి గాలివాన. అప్పటికే ఆరుసార్లు మబ్బు కిందినుంచి వెళ్ళొచ్చాం. ఇంకొక్కసారి వెళ్తే పరీక్షలు పూర్తయ్యేవి. కానీ ఒళ్ళు హూనమైంది. తెరమీద అంకెలు రెండేసిగా కనిపిస్తున్నాయి. ఈ కళ్ళతో చూసి బాగుందన్న యంత్రాన్ని నమ్మి తమ్ముణ్ణి ఎలా దిగమనను?

“వద్దు,” అన్నాను.

మా పైలట్‌ను అందరం పెద్దాయన అంటాం. ఆయన మారుమాట లేకుండా విమానం తిప్పేశారు. కిందికి దిగి, కాళ్ళీడ్చుకుంటూ ఆఫీసు గదికి చేరాక కాఫీ కప్పు పట్టుకుని మెల్లగా అన్నారు.

“నాలుగోసారికే చేతులు వణికాయమ్మా. అందామనుకున్నా. మీరెవరూ అనట్లేదు కదా అని ఊరుకున్నా.”

“నేనూ అంతే సార్,” అన్నాడు కోపైలట్ తలొంచుకుని.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ చావు అంచుదాకా వెళ్ళొచ్చామన్నమాట. “బాగానే ఉంది మన ధైర్యం!” అన్నాను.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. యంత్రం ఇంకో ఏడాది ఆలస్యమని, నా వల్లేనని, జరిగిందంతా చెప్పాను. 

“మేమూ అంతేలే అక్కా. మబ్బు మీదికొచ్చినా, ముందువాడు దిగాడు కదా అని మేమూ దిగిపోతాం. వాడూ అలాగే దిగుంటాడు.”

నాకు ఏడుపొచ్చేసింది. దాచుకునే ఓపిక కూడా లేదు.

“నీ వెనకొచ్చేవాడికీ ఓ అక్క ఉంటుందిరా,” అన్నాను. “నువ్వు దిగకు.”